తెరకు అటువైపు

డోర్నకల్‌లో రైలు పెద్ద లైను వదిలి తూర్పుకు మళ్లిన కాసేపటికే మీకు తుమ్ము వస్తుంది. వెంటనే ఇంకొకటి. ఎదురు సీట్లో తలపాగా ముసలాయన నవ్వుతాడు. "మిరప ఘాటు బాబూ. కారేపల్లి వస్తాంది" అంటాడు.

2023 ఏప్రిల్ మొదటి వారం. పొద్దు వాలుతోంది. మీరు ప్లాట్‌ఫారం మీద దిగేసరికి పక్క లైన్లో బొగ్గు వ్యాగన్లు నిలబడి ఉన్నాయి. సింగరేణి అనగానే అందరికీ కంపెనీ గుర్తొస్తుంది గానీ అది మా పక్క ఊరి పేరు. మా మండలం పేరూ అదే. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలయ్యాక ఆ పేరు కంపెనీకెక్కి దేశమంతా తిరిగింది. ఊరు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. ఇదే రైల్లో ముందుకు పోతే భద్రాచలం రోడ్ అనే స్టేషన్ వస్తుంది. అక్కడ దిగి గుడి ఎక్కడని అడిగితే నవ్వుతారు. అది కొత్తగూడెం. రాముడి దగ్గరికి ఇంకో నలభై కిలోమీటర్లు బస్సెక్కాలి.

మీ చేతిలో సంచి నేనందుకుంటాను. ఆటోలో వెనక్కి కూర్చోండి, ముక్కుకు దస్తీ కట్టుకోండి. దారికి రెండు పక్కలా పీకని పత్తి కట్టె, అక్కడక్కడా ఇప్పచెట్లు. చెట్ల కింద పొద్దున రాలిన పూలు ఏరుకుపోగా మిగిలినవి ఎండిపోయి ఉన్నాయి. మలుపు తిరగ్గానే నేలంతా ఎరుపు. అవి కల్లాలు. తేజ రకం మిర్చి. మార్చి నడుమ పడిన చెడగొట్టు వాన ఈసారి సగం మందిని ముంచింది. తడిసి తెల్లబారిన తాలుకాయను ఆడవాళ్లు కూర్చుని ఏరుతున్నారు. మగవాళ్లు ఖమ్మం మార్కెట్లో పొద్దున పలికిన జెండా పాట ధర గురించి మాట్లాడుకుంటున్నారు.

మా అమ్మ తలెత్తి చూస్తుంది. "వచ్చిన్రా బాబూ? కూసోండి. ఆ కాయ ముట్టుకోకండి. ముట్టుకుంటే ముట్టుకున్నరు గానీ ఆ చేత్తో కండ్లు మాత్రం తుడుసుకోకండి."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. రాత్రికి పనికొస్తుంది.

*

వీధి మధ్యలో శ్రీరామనవమి చలువ పందిరి ఇంకా విప్పలేదు. తాటాకులు వాడిపోయాయి. మామిడి తోరణం గలగలమంటోంది. మా కుర్రాళ్లు పందిరి ముందున్న రెండు గుంజలకు అడ్డంగా తెల్లగుడ్డ కడుతున్నారు. ఒకడు నిచ్చెన మీదున్నాడు, ఇంకొకడు కింద నుంచి "ఎడమకు గుంజు, ఎడమకు" అని అరుస్తున్నాడు. పెళ్లిళ్లకు వాడే డీజే బాక్సులు రెండు, ఒక ల్యాప్‌టాప్, కిరాయికి తెచ్చిన ప్రొజెక్టర్. ఊరంతా తలా కొంత వేసుకున్నారు.

ఆడబోయేది 'బలగం'. మార్చి 3న విడుదలైంది. నెల తిరగకుండానే తెలంగాణ పల్లెల్లో ఇట్లా తెరలు కట్టుకుని జనం గుంపుగా చూడ్డం మొదలుపెట్టారు. ఏ ఊళ్లో చూసినా చివర్లో అందరూ ఒక్కసారే ఏడుస్తున్నారని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. మా ఊరికీ ఆ ఆరాటం పట్టుకుంది.

తెర ఎక్కడ కట్టారో ఒకసారి చూడండి. పందిరికి ఇటువైపు మా వాడ. అటువైపు మా చిన్నాయన వాళ్ల వాడ. ఆయన మా నాయనకు సొంత తమ్ముడు. పొలంలో గట్టు దగ్గర మాట పెరిగి పదకొండేళ్లయింది. ఎదురుపడితే ఒకరు చెరువు వైపు చూస్తారు, ఒకరు గుడి వైపు చూస్తారు. కుర్రాళ్లకు ఇవేమీ పట్టవు. గుంజలు ఎక్కడున్నాయో అక్కడ గుడ్డ కట్టారు.

పలచటి గుడ్డ. రెండు వైపులా బొమ్మ కనిపిస్తుంది. అటువైపు వాళ్లకు కుడి ఎడమై, అక్షరాలు తిరగబడతాయి, అంతే.

ఇంకా చీకటి పడలేదు. మీకు చాయ్ వస్తుంది. మిరప బస్తాలు కప్పే పట్టా మీద మీకూ నాకూ చోటు ఉంచారు. మీరు దారిలో నన్ను ఒకటి అడిగారు కదా, నాకు బాగా ఇష్టమైన సినిమా ఏదని. ఒక్క పేరు చెప్పలేను. మా ఇంట్లో మనిషికో సినిమా ఉంది. నా చేతికి అవన్నీ కలిసే వచ్చాయి.

*

మొదటిది మా నాయనమ్మది. 'లవకుశ'. 1963 మార్చిలో వచ్చింది, తెలుగులో మొదటి పూర్తి రంగుల సినిమా. సి. పుల్లయ్య మొదలుపెట్టారు. మధ్యలో డబ్బు చాలక ఏళ్ల తరబడి ఆగింది. చివరకు ఆయన కొడుకు సి.ఎస్. రావు పూర్తి చేశారు. ఎన్టీఆర్ రాముడు, అంజలీదేవి సీత, నాగయ్య వాల్మీకి. నాయనమ్మ మా నాయనను చంకనేసుకుని రైల్లో ఖమ్మం పోయి చూసింది.

చూసొచ్చి రాముడి మీద అలిగింది.

ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన కథే. ఈ వైపు జనానికి రాముడు పటంలో దేవుడు కాడు, నడిచి వెళ్లి చూసి వచ్చే చుట్టం. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్నది మా ఖమ్మం జిల్లా నేలకొండపల్లే. అక్కడి కల్యాణానికి ఏటా తలంబ్రాల కోసం పోయే మనిషి ఆ ఏడు రానన్నదట. "కడుపుతో ఉన్నదాన్ని అడవిల దింపి పోయినోడికి మళ్లా పెండ్లి ఏంది?" అన్నదట. అందరూ సీతమ్మ అడవి పాలైందని ఏడుస్తుంటే నాయనమ్మకు అడవి గురించి దిగులు లేదు. తను పుట్టిందీ పెరిగిందీ అడవి అంచునే. తునికాకు కోసింది, ఇప్పపూలు ఏరింది, అడవి ఎవరినీ చంపదని ఆమెకు తెలుసు. ఆమె కోపమంతా చెప్పకుండా దింపి పోవడం మీద. మరుసటి ఏడు మళ్లీ కల్యాణానికి పోయింది. "పోనీలే, ఆయనా ఏడ్సిండు గదా సినిమాల" అని తనే సర్దిచెప్పుకుందట.

రెండోది మా అమ్మది. 'ఒసేయ్ రాములమ్మా'. 1997. దాసరి నారాయణరావు దర్శకత్వం, విజయశాంతి రాములమ్మ, వందేమాతరం శ్రీనివాస్ పాటలు. అప్పుడు నేను పదేళ్లవాణ్ణి. మిరప కోతకొచ్చిన ఆడవాళ్లంతా ట్రాక్టరు ట్రక్కులో ఇల్లెందు పోయారు, నేనూ ఎక్కాను. అంతకుముందు మాకు సినిమా అంటే వినాయక చవితికి కిరాయికొచ్చే డెక్కూ కలర్ టీవీనే. రాత్రికి మూడు క్యాసెట్లు. మూడోది మొదలయ్యేసరికి పిల్లలందరం నిద్ర. ఆ రోజు హాల్లో మాత్రం నిద్రపోయిన పిల్లాడు లేడు. తెర మీద దొర చెయ్యెత్తినప్పుడల్లా నా పక్కన అమ్మ ఊపిరి ఆగడం నాకు వినిపించింది. తిరుగుదారిలో ట్రక్కు నిండా పాటలు. అమ్మ ఒక్కతే పాడలేదు.

ఆ తర్వాతి వారం కోత దగ్గర కూలి మాట వచ్చింది. అమ్మ తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. అరవలేదు, ఒక్క మాట అనలేదు. ఆమెను చూసి ఇంకో ఆవిడ తట్ట బోర్లించింది. తర్వాత ఇంకో ఇద్దరు. మధ్యాహ్నానికి కూలి పెరిగింది. ఎంతో కాదు, కొద్దిగా. సినిమా గురించి అమ్మను ఇప్పుడు అడిగి చూడండి. "ఏందో, బాగానే ఉండె" అంటుంది. తట్ట సంగతి ఎత్తదు.

మూడోది నాది. శేఖర్ కమ్ముల 'గోదావరి', 2006 మే. ఖమ్మంలో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉన్నాను. రాజమండ్రి నుంచి భద్రాచలానికి లాంచీలో పోయే కథ. బాపు, ముళ్లపూడి వెంకటరమణలు 1973లో 'అందాల రాముడు' తీసింది కూడా ఆ నీళ్ల మీదే. సినిమా వాళ్లంతా భద్రాచలానికి నది మీద వస్తారు. మేం బొగ్గు రైలు పట్టా వెంట వెళ్తాం. అంతసేపు ఆ నది మీద కూర్చోవడం నాకు ఆ సినిమాలోనే కుదిరింది.

అయితే ఆ సినిమా నాలో దిగబడింది పక్క సీటు వల్ల. నా దోస్తుది వేలేరుపాడు వైపు, గోదావరి ఒడ్డు. వాడు కథ చూడలేదు. లాంచీ వెనక కదిలిపోయే గట్లు చూస్తున్నాడు. కొండ మలుపొచ్చినప్పుడల్లా ముందుకు వంగుతున్నాడు. ఒకచోట నా మోచెయ్యి పట్టుకుని "అదిగో, మా రేవు" అన్నాడు. అవునో కాదో నాకు తెలియదు. వాడికి మాత్రం అనుమానం లేదు. ఆ రేవు కోసం నన్ను ఇంకో మూడుసార్లు ఆ హాలుకు లాక్కెళ్లాడు. పోలవరం ముంపు మాట అప్పటికే వాళ్ల ఇళ్లల్లో తిరుగుతోంది. 2014లో వేలేరుపాడు, కుకునూరు, చింతూరు, కూనవరం, వర రామచంద్రపురం లాంటి మండలాలు ఖమ్మం జిల్లా నుంచి విడిపోయి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. వాడి ఊరి చిరునామా మారింది. ఇప్పటికీ ఎప్పుడైనా టీవీలో ఆ సినిమా వస్తే ఫోన్ చేస్తాడు. "పెట్టినవా? రేవు వస్తాంది చూడు."

*

చీకటి పడింది. ఎవరో వీధి లైటు తీగ పీకేశారు. తెల్లగుడ్డ మీద నీలం వెలుగు పడగానే పిల్లలు చేతులెత్తి కుక్క బొమ్మలు, లేడి బొమ్మలు ఆడిస్తారు. పెద్దవాళ్లు అదిలిస్తారు. వెనక్కి తిరిగి చూడండి. తండా నుంచి రెండు ట్రాక్టర్లు వచ్చాయి. అద్దాల రవికలు, చేతినిండా గాజులతో ముసలమ్మలు ముందుకొచ్చి కూర్చుంటున్నారు. ఒక పిల్ల "యాడీ, ఇటు, ఇటు" అని తల్లిని పిలుస్తోంది.

సినిమా మొదలవుతుంది. కొమురయ్య తాత ఊరంతా తిరుగుతూ కనిపించిన వాళ్లనల్లా పలకరిస్తూ, పరాచికాలాడుతూ పోతుంటాడు. మీ చుట్టూ నవ్వు మొదలవుతుంది. నవ్వులో ఒక తేడా ఉంది, వినండి. మాట పూర్తికాకముందే నవ్వుతున్నారు. ఆ మాట ఎట్లా పూర్తవుతుందో వీళ్లకు తెలుసు. చాలా ఏళ్లు మా యాస తెర మీద రౌడీకో, నవ్వించే పాత్రకో ఉండేది. 'మా భూమి', 'దాసి' లాంటివి ఎప్పుడో వచ్చాయి గానీ మా కల్లం దాకా రాలేదు. ఇక్కడ తాత మాట్లాడుతున్నాడు, కోడలు మాట్లాడుతోంది, చావు ఇంట్లో చాయ్ పోసేవాడు మాట్లాడుతున్నాడు, అందరిదీ ఒకే నోరు. దర్శకుడు వేణు యెల్దండిది సిరిసిల్ల. ఆ పలుకుకూ మా పలుకుకూ కొంత ఎడం ఉంది. ఆ ఎడాన్ని ఈ రాత్రి ఎవరూ పట్టించుకోవడం లేదు.

తాత చచ్చిపోతాడు. మనవడు సాయిలుకు తాత పోయిన బాధకన్నా లగ్గం ఆగిపోతుందన్న బాధ ఎక్కువ, అప్పులోళ్లు మీదున్నారు. ప్రియదర్శి మొహంలో ఆ సిగ్గులేని దిగులు చూసి కుర్రాళ్లు ఈలేస్తారు. వాళ్లలో ముగ్గురికి అప్పులున్నాయని నాకు తెలుసు.

ఇంటి అల్లుడు నారాయణ వస్తాడు. ఎన్నో ఏళ్ల కిందట భోజనాల దగ్గర తనకు నల్లి బొక్క వెయ్యలేదని లేచిపోయిన మనిషి. నల్లి బొక్క మాట రాగానే ఊరంతా పగలబడి నవ్వుతుంది. ఆ నవ్వు మధ్యలో నేను మీ భుజం తడతాను. కుడివైపు, వెనక, మిరప రాశి పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషిని చూడండి. మా నాయన. సినిమా చూడనన్నాడు. కల్లం కాపలాకు పోతానన్నాడు. కాపలా మనిషి కళ్లు రాశి మీద లేవు. ఆయన నవ్వడం లేదు.

బొక్క కోసం ఏళ్ల తరబడి మాట్లాడుకోలేదంటే నవ్వొస్తుంది. జానెడు గట్టు కోసం పదకొండేళ్లంటే మాకు ఎన్నడూ నవ్వు రాలేదు.

*

తెర మీద మూడో రోజు. మెతుకులు పెట్టారు. అందరూ దూరం జరిగి చేతులు కట్టుకుని నిలబడ్డారు. కాకి రాలేదు. వచ్చినా ముట్టలేదు. "పిట్ట ముట్టలే" అని ఎవరో గుసగుసలాడారు. ఆ మాట తెర మీద అన్నారో మన పక్కన అన్నారో మీకు తెలియలేదు కదూ? రెండు చోట్లా అన్నారు.

నాయనమ్మ 2012లో పోయింది. గట్టు గొడవ అయిన ఏడే. పదకొండో రోజు మామిడి తోపులో ఆకు మీద ఆమెకు ఇష్టమైనవన్నీ పెట్టాం. గారెలు పెట్టాం, నాటుకోడి పెట్టాం, తమలపాకు పెట్టాం. మా నాయన ఒక చెట్టు కింద, చిన్నాయన ఇంకో చెట్టు కింద. మధ్యలో ఆకు. మధ్యాహ్నం దాకా చూశాం. కాకులు కొమ్మ మీద కూర్చున్నాయి, దిగలేదు. భద్రాచలం ప్రసాదం పెడదామని ఎవరో అన్నారు, పెట్టాం. దిగలేదు. చివరకు అన్నం ఆవుకు పెట్టి ఇళ్లకొచ్చాం. ఎవరి దారిన వాళ్లం. ముసలమ్మకు ఏం కొదవ ఉండిపోయిందో అని ఊళ్లో కొన్నాళ్లు అనుకున్నారు. మా ఇంట్లో ఎవరం అనుకోలేదు. తెలిసిన సంగతిని అనుకోవడం ఎందుకు?

ఇప్పుడు ఒక కల్పిత కుటుంబం అదే ఆకు చుట్టూ నిలబడి ఉంది. ఒక కొడుకు ఇటు, ఒక కొడుకు అటు.

పదకొండో రోజు పాట మొదలవుతుంది. పాడుతున్న ఆ ఇద్దరూ కథ చెప్పి బతికే బుడగ జంగాల దంపతులు, వరంగల్ వైపు దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ. చచ్చిపోయినాయన తన పిల్లలతో మాట్లాడుతున్నట్టుగా ఆ కథ సాగుతుంది. ఒక్కొక్కరి పేరు పిలుస్తుంది. మీ ముందు కూర్చున్న తండా ముసలమ్మ ముందుకూ వెనక్కూ ఊగడం మొదలుపెట్టింది. లంబాడీ పెళ్లిలో పిల్లను సాగనంపేటప్పుడు ఏడుపునే పాటగా అల్లుతారు. ఆమెకు తెలుగు ఎంత తెలిసిందో గానీ రాగం పట్టుబడింది.

ఏడుపు ఒక మూల మొదలై వాన దాటినట్టు ఇటు దాటింది. మీరు గమనించండి, ఎవరూ చేతుల్తో కళ్లు తుడుచుకోవడం లేదు. అందరివీ మిరప చేతులు. భుజానికి మొహం రాసుకుంటున్నారు. మోకాళ్లకు రాసుకుంటున్నారు. మా అమ్మ పక్కావిడ కొంగు చివర పట్టుకుని తుడుచుకుంటోంది. కొంచెం ముందు ఒక కుర్రాడు మరిచిపోయి వేలితో తుడుచుకున్నాడు. మంటకు ఎగిరి గంతేశాడు. ఏడుస్తున్న వాళ్లంతా నవ్వారు. మళ్లీ ఏడ్చారు.

మా నాయన కర్ర నేలకు వాల్చి దాని మీద గడ్డం ఆనించుకున్నాడు.

*

సినిమా అయిపోయింది. పేర్లు పడుతున్నాయి. ఎవరూ లేవడం లేదు. ప్రొజెక్టరు ఆపగానే గుడ్డ ఉత్త గుడ్డ అయింది. నిచ్చెన కుర్రాడు ఎక్కి ఒక ముడి విప్పాడు. గుడ్డ ఒకవైపు జారింది.

అటువైపు వాడ కనిపించింది. నులకమంచాలు, కుర్చీలు, తల్లి ఒళ్లో నిద్రపోయిన పిల్లలు. అందరికంటే ముందు, తెరకు రెండు మూరల దూరంలో నేల మీద మా చిన్నాయన. సినిమా అంతా తిరగేసి చూశాడు. ఆయన కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. మిరపదే అనుకుందాం.

మా నాయన మిరప రాశి దగ్గర నుంచి నాలుగు అడుగులు ముందుకొచ్చాడు. చెరువు వైపు చూడలేదు. మీరూ నేనూ ఊపిరి బిగబట్టాం. సినిమాలో అయితే ఇక్కడ కౌగిలించుకోవాలి.

"మీ కల్లం కాడ ఎవరున్నరు?" అన్నాడు మా నాయన.

"ఎవలు లేరు. అందరిమి ఈడనే ఉన్నం."

"పందులొస్తన్నయి. పో."

చిన్నాయన లేచి పంచె దులుపుకున్నాడు. నాలుగడుగులేసి ఆగాడు. వెనక్కి తిరగకుండానే "నువ్వు గూడ చూసుకో, మబ్బు పట్టింది" అన్నాడు.

పదకొండేళ్లలో మొదటి మాటలు ఇవి. మా అమ్మ వినీ విననట్టు పట్టా మడుస్తోంది. గుడ్డ కింద పడేసిన చోట ఎర్రటి పొడి అంటింది. దాన్ని మళ్లీ సినిమాకు వాడరు, ఎవరి బస్తాలకో కప్పుతారు.

పొద్దున రైలుకు మీరు వెళ్లిపోతారు. నేను స్టేషన్ దాకా వస్తాను. బండి కదిలేముందు మీరు మళ్లీ అడుగుతారు, ఇంతకీ నీకు ఇష్టమైన సినిమా ఏదని.

ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే నేను సినిమా పేరుతో పాటు పక్కన ఎవరు కూర్చున్నారో కూడా చెబుతాను. నాయనమ్మ అలక లేకపోతే 'లవకుశ' నాకు పాత రంగుల బొమ్మ. అమ్మ ఊపిరి లేకపోతే 'రాములమ్మ' ఈలల సినిమా. దోస్తు రేవు లేకపోతే 'గోదావరి' షికారు. 'బలగం' గొప్పగా తీశారో లేదో తూకం వేసేవాళ్లు వేస్తారు. దాన్ని మేం గుడ్డకు రెండు వైపులా కూర్చుని చూశాం.

ఆ పాట పాడిన మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. మా ఊళ్లో ఆ రోజు ఫోన్లలో మళ్లీ ఆ పాట మోగింది. నాయన, చిన్నాయన ఇప్పుడు మిరప ధర గురించి, వాన గురించి మాట్లాడుకుంటున్నారు. గట్టు సంగతి ఇంకా తేలలేదు.